పక్కకి తిరగండి

మా వదిన ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా అన్నయ్య ఒకటే మాట చెబుతాడు: "జనం నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటుంది. దానికి నెలనెలా జీతం కూడా ఇస్తారు." పదకొండేళ్లుగా ఇదే జోకు. చెప్పిన ప్రతిసారీ తనే ముందు నవ్వుతాడు. వదిన ఒక్కసారి కూడా మొహం ముడుచుకోలేదు. "మీరు చేసేది మాత్రం ఏమిటి? వెనక నలభై మంది నిద్రపోతుంటే ముందు కూర్చుంటారు" అనేసి తన పనిలో తాను పడిపోతుంది.

ఇద్దరి మాటా నిజమే. అన్నయ్య ఫ్యాక్టరీ కార్మికుల్ని పొద్దుటి షిఫ్టుకి చేరవేసే బస్సు డ్రైవరు. వదిన ఒక క్లినిక్‌లో నిద్ర పరీక్షలు చేసే టెక్నీషియన్. అన్నయ్య తెల్లవారుజామున నాలుగున్నరకి గడప దాటుతాడు, వదిన ఏడింటికి గడప తొక్కుతుంది. నేను ఆ ఇంటి ఆడపడుచుని. ముందు గదిలో మిషను పెట్టుకుని వీధి మొత్తానికీ బట్టలు కుడతాను. నా నోరు కాస్త పెద్దదని ఇంట్లో ఒక అభియోగం ఉంది. లేదని నేనూ అనను.

వదిన మొదట్లో ఆ క్లినిక్‌లోనే పగటి పూట గుండె పరీక్షల దగ్గర సాయం చేసేది. చెవి ముక్కు గొంతు డాక్టరుగారు మేడ మీద నిద్ర పరీక్షల గది పెట్టినప్పుడు రాత్రంతా మేలుకునేదెవరని అడిగితే అందరూ కిటికీల్లోంచి బయటికి చూశారట. వదిన చెయ్యెత్తింది. అప్పటికి నా మేనకోడలు రెండో తరగతి. పగలు తల్లి, రాత్రి తండ్రి ఇంట్లో ఉంటే పిల్లకి లోటుండదని ఆవిడ లెక్క. పిల్ల పెద్దదై హాస్టల్లో చేరి చదువుకుంటోంది కానీ ఆ ఏర్పాటు మాత్రం అలాగే ఉండిపోయింది. అలవాటైన చెప్పులు ఎవరు మార్చుకుంటారు?

దాంతో మా ఇల్లు తలకిందులుగా నడిచేది. పొద్దున ఎనిమిది నుంచి రెండింటిదాకా మేమందరం దొంగల్లా మునివేళ్ల మీద తిరిగేవాళ్లం. కిటికీలకి నల్లగుడ్డ తెరలు నేనే కుట్టాను. ఆ వేళల్లో మిషను తొక్కకూడదు, చేతి పనే చేసుకోవాలి. కాలింగ్ బెల్లు కొట్టిన సేల్స్ కుర్రాళ్లని నేను గేటు దగ్గర పెట్టిన చీవాట్లు వాళ్ల జన్మలో మర్చిపోరు. వీధిలో వాళ్లు వదినకి 'నిద్రమ్మ' అని పేరు పెట్టారు. పగలంతా పడుకుంటుందని కొందరు, పదిమందినీ పడుకోబెడుతుందని కొందరు అలా పిలిచేవాళ్లు. సెలవు రోజున రాత్రి ఇంట్లో ఉన్నా ఆవిడకి కునుకు పట్టేది కాదు. హాల్లో కూర్చుని నా బట్టలకి గుండీలు కుట్టి పెట్టేది. ఆ లెక్కన ఆ మొగుడూ పెళ్లాలు ఒక గదిలో, ఒక మంచం మీద, ఒకే వేళకి కళ్లు మూసుకుని ఎన్నాళ్లయిందో వాళ్లకే తెలియదు.

ఆ క్లినిక్ మేడ మీద రెండు పడక గదులు, మధ్యలో తెరలూ కంప్యూటర్లూ ఉన్న చిన్న గది. పడక గదులు ఇల్లులా కనిపించాలని తాపత్రయపడ్డారు: పువ్వుల దుప్పటి, గోడ మీద పడవ బొమ్మ. ఆ పడవ పైనే కెమెరా ఒకటి నల్లగా చూస్తుంటుంది. మనిషి రాత్రి ఎనిమిదింటికి వస్తాడు. వదిన టేపుతో తల కొలిచి, రంగు పెన్సిలుతో గుర్తులు పెట్టి, ఆ గుర్తుల దగ్గర ఇసకలాంటి జెల్లుతో రుద్ది, జిగురు ముద్దతో ఒక్కొక్క తీగ అంటిస్తుంది. కళ్ల పక్కన రెండు, గడ్డం కింద, కాళ్లకి మరికొన్ని, ఛాతీకీ పొట్టకీ బెల్టులు, ముక్కులో సన్న గొట్టం, వేలికి ఎర్రదీపం క్లిప్పు. అంతా అయ్యాక, "ఇక హాయిగా పడుకోండి" అంటుంది. ఆ ఒక్క మాట దగ్గర నవ్వనివాళ్లు లేరట.

వదిన కబుర్లలో నాకు నచ్చేవి తెల్లవారి కబుర్లు. ఆరు గంటలు గోడలు అదిరేలా గురకపెట్టిన పెద్దమనిషి లేచి, "ఎక్కడమ్మా, రాత్రంతా కన్ను మూస్తే ఒట్టు" అంటాడు. వదిన "అలాగేనండి" అంటుంది. ఒక రిటైరైన హెడ్మాస్టరుగారు నిద్రలో రాత్రి రెండింటికి ఒక క్లాసు మొత్తాన్ని బెంచీ ఎక్కించాడట. ఒకాయన సొంత తలగడ, సొంత దుప్పటి, సొంత దోమలబత్తి తెచ్చుకుని, ఏదో మర్చిపోయానని మళ్లీ ఇంటికి వెళ్లి కళ్లద్దాలు తెచ్చుకున్నాడు. పడుకోవడానికి అద్దాలెందుకని వదిన అడగలేదు. తెల్లవారాక జుట్టులోంచి ఆ జిగురు వదలాలంటే వేడి నీళ్లు, ఓపిక ఉండాలి. ఎవరినీ విసుక్కోకుండా ఒక్కొక్క కుచ్చు పట్టుకుని తడిగుడ్డతో తుడిచి పంపుతుంది.

గురక జబ్బు కాదని వదిన నాకు ఎప్పుడో చెప్పింది. గురక మధ్యలో ఊపిరి ఆగడమే జబ్బు. వెల్లకిలా పడుకున్నప్పుడు నాలుక వెనక్కి జారి గొంతు మూసుకుంటుంది. పది సెకన్లు దాటి ఆగితే తెర మీద ఒక గుర్తు పెడతారు. గంటకి అలాంటివి ఐదు లోపు అయితే ఫరవాలేదు, ముప్పై దాటితే ముక్కుకి మాస్కు, గొంతు మూసుకోకుండా గాలి ఊదే యంత్రం. ఆగినంత మాత్రాన టెక్నీషియన్ పరిగెత్తకూడదు. ఒళ్లే ఉలిక్కిపడి ఊపిరి లాగుతుంది. మరీ ప్రమాదం అనుకుంటే తప్ప చూస్తూ కూర్చోవాలి, గుర్తు పెట్టాలి. పడుకున్న మనిషికి వినిపించే మైకు ఒకటి ఉంటుంది కానీ అది ఊడిన తీగ సరిచేయడానికి వస్తున్నానని చెప్పడానికే. ఎప్పుడు వాడినా ఎందుకు వాడారో కాగితంలో రాయాలి. ఈ చూస్తూ కూర్చోవడమే అన్నిటికన్నా కష్టమైన పని అని వదిన అంటే, నేను నమ్మేదాన్ని కాదు.

అలా ఉండగా అన్నయ్య కంపెనీలో ఒక డ్రైవరు స్టీరింగ్ మీద కునుకు తీసి బస్సుని రోడ్డు మధ్య గోడకి తగిలించాడు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు, నుదుళ్లు బొప్పి కట్టాయంతే. మర్నాడే నోటీసు అంటించారు. నలభై దాటి, మెడ లావుగా ఉన్న డ్రైవర్లందరూ నెలాఖరులోగా నిద్ర పరీక్ష చేయించుకుని కాగితం తేవాలి. తేడా వస్తే స్టీరింగ్ వదిలి షెడ్డులో పని చేయాలి. మెడ కొలత కోసం అన్నయ్య ఎవరి దగ్గరికీ వెళ్లనక్కర్లేదు. వాడి చొక్కాలు కుట్టేది నేనే. కాలరు పదిహేడున్నర అంగుళాలు.

అన్నయ్య ముందు నవ్వాడు, తర్వాత నోటీసు మళ్లీ చదివి నవ్వడం మానేశాడు. ఇరవై రెండేళ్లలో బస్సుకి ఒక్క గీత పడనివ్వని మనిషి. ఆ బస్సు అద్దం తుడవడానికి నా దగ్గర మెత్తటి గుడ్డ ముక్కలు ఏరుకుని తీసుకెళతాడు. షెడ్డులో టైర్లకి గాలి చూస్తూ కూర్చోవడం కంటే ఇంట్లో కూర్చోవడం నయమన్నాడు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

నేను ఊరికే ఉండలేకపోయాను. ధైర్యం చెబుదామని, గురక ఎవరికి లేదు, గోడ అవతల పడుకునే నాకు ఇరవై ఏళ్లుగా అలవాటే కదా అన్నాను. అంతటితో ఆగితే బాగుండేది.

"అయినా మధ్యమధ్య ఆగుతుందిలే, మాక్కూడా కాస్త విశ్రాంతి ఇస్తాడు" అన్నాను.

వదిన చేతిలో గరిటె అక్కడే ఆగిపోయింది.

"ఎంతసేపు ఆగుతుంది?"

"నేనేమన్నా గడియారం పట్టుకుని కూర్చున్నానా వదినా?"

మర్నాడే వదిన డాక్టరుగారి దగ్గర అన్నయ్య పేరు రాయించింది.

సొంతవాళ్లని తాము పరీక్ష చేయకూడదని అక్కడ ఒక పద్ధతి ఉంది. కానీ ఉన్నది ఇద్దరే టెక్నీషియన్లు. రెండో ఆయన, అందరూ సీనియర్ అని పిలిచే పెద్దాయన, నడుం పట్టేసి రెండు వారాలు సెలవులో ఉన్నాడు. నెలాఖరు ముంచుకొస్తోంది. తీగలు అంటించడానికి చుట్టరికం అడ్డమేమిటి, చదివి సంతకం పెట్టేది నేను కదా అని డాక్టరుగారే అన్నారు.

ఆ రాత్రి సంగతి వదిన తర్వాత నాకు పూస గుచ్చినట్టు చెప్పింది. ఇరవై మూడేళ్ల కాపురంలో ఆయన తల చుట్టుకొలత ఎంతో తెలిసింది ఆ రోజేనట. నడినెత్తిన జుట్టు పలచబడిందని కూడా. అన్నయ్య తీగల్లో చిక్కుకుని, నీళ్లలోంచి తీసిన కొబ్బరి పీచులా కూర్చున్నాడు. లైటు తీసేముందు అన్ని తీగలూ పనిచేస్తున్నాయో లేదో చూడటానికి మైకులో వరసగా చెప్పాలి. కళ్లు పైకి, కిందికి, ఐదుసార్లు రెప్పలు కొట్టండి, పళ్లు బిగించండి, ఎడమ పాదం కదపండి. ఇంట్లో కూడా ఇన్ని ఆర్డర్లు వేయవు కదా అన్నాడట అన్నయ్య కెమెరా వైపు చూసి. తర్వాత కాస్త నెమ్మదిగా, రిపోర్టు మంచిదిస్తావుగా అని అడిగాడట. ఇచ్చేది నేను కాదు, పడుకునేది మీరు అని వదిన లైటు ఆర్పింది.

పదిన్నరకి నిద్ర పట్టింది. ఎడమ పక్కకి తిరిగి పడుకున్నంతసేపూ ఊపిరి గీత చక్కగా అలలు అలలుగా నడిచింది. పదకొండూ ఇరవైకి వెల్లకిలా తిరిగాడు. గురక మొదలైంది, గీత మందమైంది, ఉన్నట్టుండి తిన్నగా అయిపోయింది. పొట్ట ఎగిసిపడుతోంది, ఛాతీ ఎగిసిపడుతోంది, గాలి మాత్రం లేదు. పరాయి మనిషికైతే వదిన ఈపాటికి గుర్తు పెట్టి టీ ఫ్లాస్కు మూత తీసేది. పది దాటింది, ఇరవై దాటింది, ముప్పై దాటింది. రక్తంలో ప్రాణవాయువు అంకె మెట్లు దిగినట్టు దిగుతోంది. నలభై రెండో సెకనుకి అన్నయ్య బావిలోంచి పైకొచ్చినవాడిలా ఒక్కసారి ఊపిరి లాగాడు. అప్పుడు చూసుకుంటే వదిన కూడా అంతసేపూ ఊపిరి బిగబట్టే ఉంది.

చెయ్యి తనంతట తనే మైకు మీదికి వెళ్లింది. "పక్కకి తిరగండి" అంది. నిద్రలోనే తిరిగాడు. అలలు మళ్లీ వచ్చాయి.

ఈ ఒక్కసారికే అనుకుంది. అరగంటకి మళ్లీ వెల్లకిలా తిరిగాడు. గురక మందం కావడం చూడగానే, గీత తిన్నగా కాకముందే, మళ్లీ అంది. ఆ తర్వాత ఇక ఆగలేదు. తెల్లవారేదాకా ఆవిడ చూపు తెర మీద, వేలు మైకు మీట మీద. కాగితంలో ఒక్కటీ రాయలేదు. సీసాలో నీళ్లు కూడా తాగలేదు.

పొద్దున రిపోర్టు లెక్క కట్టింది. గంటకి నాలుగు. ఐదు లోపే. అదే రిపోర్టులో పక్కన, ఏ భంగిమలో ఎంతసేపు పడుకున్నాడో చెప్పే గడి ఒకటి ఉంటుంది. వెల్లకిలా పదకొండు నిమిషాలు అని వచ్చింది. ఆ గడి చూసిన ఎవరైనా ఈ పరీక్ష చెల్లదని చెబుతారు. ఆ రోజు డాక్టరుగారి గది బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు. ఆయన నాలుగు అన్న అంకె చూసి, "అదృష్టవంతుడివయ్యా" అని సంతకం కొట్టేశారు. వదిన నోరు తెరిచింది. అన్నయ్య అప్పటికే కాగితం జేబులో పెట్టుకుని, జుట్టులో జిగురుతోనే, ఇల్లంతా వినపడేలా ఈల వేయడానికి బయలుదేరాడు.

మూడు రోజులు ఈల వేస్తూనే ఉన్నాడు. సాయంత్రం అందరికీ ఐస్‌క్రీం తెచ్చాడు. నా మిషనుకి నూనె వేశాడు, అడగకుండానే. వదిన మాత్రం పగలు పడుకోవడం మానేసింది. నల్ల తెరల వెనక అటూ ఇటూ నడిచే అడుగుల చప్పుడు నాకు వినపడేది. నాలుగో రోజు మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి కింద కూర్చుని, నేను అంచు మడతపెడుతున్న పరికిణీ కొస పట్టుకుని, ఉన్నదంతా చెప్పేసింది.

నా నోటికి మొదట వచ్చిన మాట దాచుకోను. "ఎవరికీ చెప్పకు" అన్నాను. ఏ ఇంట్లో పెళ్లాం గురకపెట్టే మొగుణ్ణి మోచేత్తో పొడిచి పక్కకి తిప్పదు? నువ్వు పదకొండేళ్లుగా ఆ పని చేయలేకపోయావు, ఆ రాత్రి మైకుతో చేశావు, ఇదేమన్నా నేరమా అని వాదించాను. బాగానే వాదించాననుకున్నాను కూడా.

"ఇంట్లో అయితే కాదు" అంది వదిన. "ఆయన నాలుగున్నరకి వెళ్లి బస్సు ఎక్కుతాడు. మిగతా రాత్రులన్నీ ఎవరు తిప్పుతున్నారు?"

ఇరవై ఏళ్లుగా గోడకి ఇవతల పడుకుని, ఆ గురక ఆగినప్పుడల్లా హమ్మయ్య అనుకున్నది నేనే. ఎన్ని రాత్రులు దుప్పటి సర్దుకుని సంతోషంగా పడుకున్నానో. అన్నయ్యకి అవతల గాలి ఆడని ఆ నిమిషాల్లోనే నాకు హాయిగా నిద్రపట్టేది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. వదిన ఏడవలేదు. సాయంత్రం ఆయనకి చెబుతానని లేచింది.

చెప్పింది. కుండబద్దలు కొట్టినట్టు, ఉపోద్ఘాతం లేకుండా చెప్పింది. అన్నయ్య కాసేపు అర్థం కానట్టు చూశాడు. తర్వాత మొహం ఎర్రబడింది.

"ఇది ఎవరికి తెలుసు?"

"మీకు, నాకు, మీ చెల్లెలికి."

"అయితే ముగ్గురం నోరు మూసుకుంటే సరిపోతుంది" అని, వెంటనే నా వైపు చూశాడు. ముగ్గురిలో నమ్మకం లేనిది ఎవరి మీదో చెప్పకనే చెప్పాడు.

"నలభై రెండు సెకన్లండీ" అంది వదిన. "నేను కళ్లారా చూశాను. రేపు డాక్టరుగారికి చెబుతాను. షెడ్డులో కూర్చోబెడితే కూర్చోండి. ఊపిరి తీస్తూ కూర్చోండి."

అన్నయ్య తలగడ చంకన పెట్టుకుని కూతురి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. నలభై తొమ్మిదేళ్ల మనిషి.

డాక్టరుగారు అరవలేదట. అరిచినా బాగుండేదని వదిన అంది. గడి చూడకుండా సంతకం పెట్టడం తన తప్పేనని ముందు ఒప్పుకుని, మైకు వాడి రాయకపోవడం నీ తప్పని చెప్పి, కంపెనీకి ఫోన్ చేసి ఆ కాగితం చెల్లదని చెప్పేశారు. వదినని నెల రోజులు రాత్రి డ్యూటీ లేకుండా కింద పగటి పనికి వేశారు. సీనియర్ సెలవు నుంచి రాగానే అన్నయ్యకి మళ్లీ పరీక్ష. తేడా ఉంటే యంత్రం పెట్టుకుని ఆరు వారాలు సరిగ్గా నిద్రపోయి చూపిస్తే స్టీరింగ్ మళ్లీ ఇస్తారని కంపెనీ వాళ్లతో మాట్లాడింది కూడా ఆయనే.

ఆ పది రోజులూ మా ఇంట్లో టపా నేనే మోశాను. అన్నయ్య షెడ్డు నుంచి గ్రీజు చేతులతో వచ్చి, పక్కనే నిలబడ్డ పెళ్లాన్ని చూస్తూ, "టవల్ ఎక్కడుందో మీ వదినని అడుగు" అనేవాడు. "వెతుక్కోమని చెప్పు" అనేది వదిన. చెవులు అందరికీ బాగానే ఉన్నా ఇద్దరి మాటా నేను మళ్లీ పలకాల్సి వచ్చేది. మూడో రోజుకి నాకు విసుగొచ్చి ఇద్దరినీ తిట్టాను. ఎవరూ పట్టించుకోలేదు. తను దిగిన బస్సుని వేరే డ్రైవరు నడుపుతున్నాడని, అద్దాలు సరిగ్గా తుడవడం లేదని మాత్రం అన్నయ్య నాతో ఒకసారి అన్నాడు. అప్పుడు వాడి మొహం చూడలేకపోయాను.

రెండో పరీక్ష రాత్రి సీనియర్ చూసుకున్నాడు. వదిన ఇంట్లోనే ఉంది. పొద్దుటికి నా దగ్గర ఉన్న చొక్కాలన్నిటికీ గుండీలు కుట్టేసి ఉన్నాయి. తెల్లవారగానే డాక్టరుగారు వదినని పిలిపించారు. గుర్తులు నువ్వే పెట్టు, నేను తర్వాత సరిచూస్తాను, ఏది కప్పిపెట్టావో నీ కళ్లతో నువ్వే చూడు అన్నారట. అన్నయ్య తనకి వచ్చిన అంకె ఎంతో తెలుసుకోవాలి, కానీ పెళ్లాంతో మాటల్లేవు. అందుకని నాకు ఫోన్ చేసి రమ్మన్నాడు. అలా నేను మొదటిసారి ఆ చిన్న గదిలో అడుగుపెట్టాను.

కిటికీ లేని గది, మూడు తెరలు, ఒక కుర్చీ, ఒక స్టూలు. వదిన కుర్చీలో కూర్చుని మౌసుతో ఒక్కొక్కటీ గుర్తు పెడుతోంది. అన్నయ్య తడి జుట్టుతో, చెవి వెనక ఇంకా జిగురుతో, గుమ్మంలో నిలబడ్డాడు. ఎంతొచ్చిందో అడగమని నాకు కనుసైగ చేశాడు. నేను అడగలేదు. నాకూ తెర మీద గీతలు కనిపిస్తున్నాయి. గీత కాసేపు అలలుగా నడుస్తుంది. తిన్నగా అవుతుంది. వదిన మౌసు టక్కుమంటుంది. మళ్లీ అలలు, మళ్లీ తిన్నగా, మళ్లీ టక్కు. టైలరు చెయ్యి కదా నాది, నాకు తెలియకుండానే ఎన్ని టక్కులో లెక్కపెడుతూ ఉండిపోయాను.

అన్నయ్య నెమ్మదిగా లోపలికి వచ్చాడు.

"ఇదేంటి?" అన్నాడు. నన్ను కాదు, వదినని. పది రోజుల్లో మొదటి మాట.

"మీ ఊపిరి."

"తిన్నగా ఉందేంటి మరి?"

"తీయడం లేదు కాబట్టి."

తెర కింద ఆ ఊపిరి ఆగిన టైము కనిపిస్తోంది, నాలుగూ ఏడు. రోజూ అయితే అన్నయ్య ఆ సరికి మొహం కడుక్కుని బస్సు దగ్గరికి బయలుదేరే హడావుడిలో ఉంటాడు. వదిన గీత తిన్నగా మొదలైన చోట వేలు పెట్టి, కుడివైపుకి నెమ్మదిగా జరుపుతూ పైకి లెక్కపెట్టింది. అన్నయ్య ఆ వేలినే చూస్తున్నాడు. ఇరవై అయింది, ముప్పై అయింది. అన్నయ్య గుప్పిట బిగిసింది. నలభై దగ్గర గోడకి చెయ్యి ఆనించాడు. యాభై ఒకటి అన్నప్పుడు గీత ఎగిరింది, అన్నయ్య కూడా అప్పుడే గట్టిగా ఊపిరి వదిలాడు. తనూ బిగబట్టే ఉన్నాడని అప్పుడు తెలిసింది నాకు.

స్టూలు లాక్కుని కూలబడ్డాడు. కింద ఎవరి పేరో పిలుస్తున్నారు.

"ఎంతొచ్చింది?" అన్నాడు చివరికి.

"ఇప్పటిదాకా గంటకి ముప్పై ఎనిమిది. ఇంకా రెండు గంటల రికార్డు ఉంది."

అన్నయ్య తల ఊపాడు. చెవి వెనక జిగురు గోటితో గీకుతూ, ఆ యంత్రం ఎప్పుడిస్తారని అడిగాడు. రేపే అంది వదిన. రిపోర్టు కంపెనీకి తనే తీసుకెళ్లి ఇస్తానని, ఇంకెవరూ రావద్దని అన్నాడు. తెర వైపు చూస్తూ మళ్లీ అడిగాడు.

"ఆ రోజు మైకులో ఎన్నిసార్లు పిలిచావు?"

వదిన మౌసు వదిలేసింది. "ముప్పై ఒకటి."

"నాకు ఒక్కటీ వినపడలేదు."

"వినపడింది. ముప్పై ఒక్కసార్లూ తిరిగారు."

అన్నయ్య స్టూలు వదిన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. మిగతా రెండు గంటలూ లెక్కపెడదాం పద అన్నాడు. నేను గది తలుపు దగ్గరగా వేసి కిందికి దిగాను. మెట్ల మీదకి మౌసు చప్పుడు, ఇద్దరూ కలిసి అంకెలు చెబుతున్న గొంతులు వినపడుతూనే ఉన్నాయి.